స్టీమ్ డెక్ నుంచి ల్యాప్‌టాప్‌కి, ఫోన్‌కి వైర్ లేకుండా ఫైళ్లు పంపడం ఎలా? రెండు రోజులుగా అవస్థ పడుతున్నా

ఓరుగల్లు_ఆటగాడు
మా అన్నయ్య పోయిన నెల టెక్సాస్ నుంచి వస్తూ నా కోసం స్టీమ్ డెక్ తెచ్చాడు, అదే, చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్. ఓలెడ్ మోడల్, 512 జీబీ. మన దేశంలో దీన్ని అధికారికంగా అమ్మరు కదా, అడుగుదామంటే వరంగల్‌లో ఇది వాడేవాళ్లెవరూ నాకు తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నాకు కావాల్సినవి మూడు. ల్యాప్‌టాప్‌లో, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కొన్న గేమ్ ఒకటి 68 జీబీ ఇప్పటికే దిగి ఉంది, దాన్ని డెక్‌లోకి తేవాలి. మా ఇంటి నెట్ ప్లాన్‌లో మళ్లీ 68 జీబీ దించితే నెలాఖరు దాకా ఇంట్లో అందరూ ఇబ్బంది పడతారు. రెండోది, స్టీమ్‌లో కాకుండా వేరే చోట కొన్న గేమ్‌లో నా సేవ్, అంటే ఎంతవరకు ఆడానో దాచిన ఫైల్. 43 గంటలు ఆడాను, అది పోతే తట్టుకోలేను. మూడోది, స్క్రీన్‌షాట్లు ఫోన్‌లోకి రావాలి.

కేబుల్ పెట్టి చూశాను. ఫోన్ పెడితే డ్రైవ్‌లా కనిపిస్తుంది కదా, ఇది అలా కనిపించడం లేదు. డెక్‌ని మామూలు కంప్యూటర్‌లా వాడే డెస్క్‌టాప్ మోడ్‌లో, ఫైళ్లు పంపే కేడీఈ కనెక్ట్ యాప్ ముందే ఉందని చదివి, ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ వేశాను. ఫోన్ కనిపించింది, ల్యాప్‌టాప్ మాత్రం కనిపించడం లేదు. అన్నీ మా ఇంటి వైఫైలోనే ఉన్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

ఎస్డీకార్డ్_సైన్యం
బ్రో, ఎందుకీ తిప్పలు? పెన్‌డ్రైవ్ తీసుకో, కాపీ చెయ్, పేస్ట్ చెయ్. అయిపోయింది.

సిరి_బెజవాడ
డెక్‌కి ఉన్నది ఒక్క టైప్ సీ పోర్టే. మామూలు పెన్‌డ్రైవ్ పెట్టాలంటే ఓటీజీ అడాప్టరో డాకో కావాలి.

@ఓరుగల్లు, నువ్వు లోకల్‌సెండ్ అనే ఫైళ్లు పంపే యాప్ వాడు. డెస్క్‌టాప్ మోడ్‌లో డిస్కవర్ స్టోర్ తెరిచి ఆ పేరు వెతికితే దొరుకుతుంది. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో కూడా అదే వెయ్. ఉచితం, అకౌంట్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మూడూ ఒకే వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనిపిస్తాయి. ఫైల్ ఎంచుకుని పేరు మీద నొక్కడమే. నేను రోజూ స్క్రీన్‌షాట్లు అలాగే పంపుకుంటాను. ఇంకో మాట, దాన్ని స్టీమ్‌లో నాన్ స్టీమ్ గేమ్‌గా జోడిస్తే గేమింగ్ మోడ్ నుంచే తెరుచుకుంటుంది, ప్రతిసారీ డెస్క్‌టాప్ మోడ్‌కి వెళ్లే పని ఉండదు.

లైనక్స్_రాజు
లోకల్‌సెండ్ ఫొటోలకి బాగుంటుంది. 68 జీబీ అంటే నేనైతే ఎస్ఎస్‌హెచ్ అంటాను, అంటే ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌లోకి పాస్‌వర్డ్‌తో వెళ్లే దారి. డెక్‌లో అది ముందే ఉంది, ఆన్ చేస్తే చాలు.

డెస్క్‌టాప్ మోడ్‌లో కమాండ్లు కొట్టే కాన్సోల్ తెరువు. ముందు పాస్‌డబ్ల్యూడీ (passwd) అని కొట్టి పాస్‌వర్డ్ పెట్టుకో, ఎందుకంటే డెక్ అనే యూజర్‌కి మొదట్లో పాస్‌వర్డే ఉండదు. తర్వాత సుడో, సిస్టమ్‌సీటీఎల్, స్టార్ట్, ఎస్ఎస్‌హెచ్‌డీ (sudo systemctl start sshd) అని మధ్యలో ఖాళీలు ఇస్తూ ఒకే వరుసలో కొట్టు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్కలు కూడా కనపడవు, కంగారు పడకు. ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు పంపే విన్‌ఎస్‌సీపీ గానీ ఫైల్‌జిల్లా గానీ వేసుకుని, డెక్ ఐపీ అడ్రస్, పోర్ట్ 22, యూజర్ డెక్, నువ్వు పెట్టిన పాస్‌వర్డ్ ఇస్తే ఎడమ కిటికీలో ల్యాప్‌టాప్ ఫైళ్లు, కుడి కిటికీలో డెక్ ఫైళ్లు కనిపిస్తాయి. ఇటు నుంచి అటు లాగడమే. మధ్యలో తెగినా పెద్ద ఫైల్ ఆగిన చోటి నుంచి మొదలవుతుంది.

పాతబస్తీ_ప్లేయర్
భయ్యా, గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకు? అతను అడిగింది స్టీమ్ గేమ్. స్టీమ్‌లోనే ఆ సౌకర్యం ఉంది కదా, 2023లో వచ్చింది. రెండింట్లో సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్‌లోకి పోయి లోకల్ నెట్‌వర్క్ గేమ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చెయ్యి. ల్యాప్‌టాప్‌లో స్టీమ్ తెరిచి ఉంచి, డెక్‌లో మామూలుగా ఇన్‌స్టాల్ కొట్టు. నెట్ నుంచి కాకుండా ల్యాప్‌టాప్ నుంచే లాక్కుంటుంది. ఏ ఫోల్డర్ ఎక్కడ పెట్టాలనే గొడవే లేదు.

లైనక్స్_రాజు
@పాతబస్తీ, ఒప్పుకుంటున్నా. స్టీమ్ గేమ్ అయితే అదే సరైన దారి. ఎస్ఎస్‌హెచ్ అతని రెండో పనికి, అంటే సేవ్ ఫైల్‌కి ఉంచుకుందాం.

పాతబస్తీ_ప్లేయర్
దీంట్లో కొన్ని చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌లో గేమ్ తాజా అప్‌డేట్‌తో ఉండాలి. రెండు మెషీన్లూ స్టీమ్‌లో లాగిన్ అయి ఆన్‌లైన్‌లో ఉండాలి, ఆఫ్‌లైన్ మోడ్‌లో పనిచేయదు. ఇంకొకటి చాలామందికి తట్టదు. కొన్ని గేములకి లైనక్స్ వెర్షన్ వేరే ఉంటుంది. డెక్ నడిచేది లైనక్స్ మీదే కాబట్టి, అది దాన్నే కోరుకుంటే విండోస్ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైళ్లు పనికిరావు, నెట్ నుంచే దించేస్తుంది. అప్పుడు గేమ్ ప్రాపర్టీస్‌లో కంపాటబిలిటీ దగ్గర, విండోస్ గేముల్ని లైనక్స్ మీద నడిపే ప్రోటాన్‌ని బలవంతంగా పెట్టాలి.

నాది ఆర్ఓజీ ఆలై, అదీ చేతి గేమింగ్ మెషీనే, కానీ విండోస్. నా స్నేహితుడి డెక్‌కి నా దాంట్లోంచే మూడు గేములు ఇలా పంపాను. స్నేహితుల అకౌంట్ల మధ్య కూడా నడుస్తుంది, ఆ గేమ్ ఇద్దరి దగ్గరా కొని ఉండాలి, అంతే.

ఓరుగల్లు_ఆటగాడు
అందరికీ చాలా థాంక్స్. స్టీమ్ సెట్టింగ్ రెండింట్లోనూ ఆన్ చేశాను. అయినా డెక్ ఇంటర్నెట్ నుంచే దించడం మొదలుపెట్టింది, వెంటనే ఆపేశాను. లోకల్‌సెండ్‌లో ఫోన్, డెక్ ఒకదానికొకటి కనిపిస్తున్నాయి. స్క్రీన్‌షాట్లు వచ్చేశాయి సిరి గారూ, చాలా సంతోషం. ల్యాప్‌టాప్ మాత్రం అందులోనూ కనిపించడం లేదు. ఎస్ఎస్‌హెచ్ కూడా కనెక్షన్ టైమవుట్ అంటోంది. అంటే తప్పంతా ల్యాప్‌టాప్‌దేనా?

ఫైబర్_మాస్టారు
నేను గుంటూరులో ఇళ్లకి ఫైబర్ కనెక్షన్లు బిగించే పని చేస్తాను. 14 ఏళ్లుగా రూటర్లతోనే బతుకుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మూడు వేర్వేరు యాప్‌లు ఒకే చోట ఆగాయంటే తప్పు యాప్‌లో లేదు, దారిలో ఉంది బాబూ. ఒక్కో యాప్‌నీ తీసేసి ఇంకోటి వేసుకుంటూ పోతే రోజులు గడుస్తాయి తప్ప పని కాదు. ముందు మూడు చూడు.

మొదటిది, ల్యాప్‌టాప్ ఏ వైఫై పేరుకి కలిసి ఉంది? చాలా ఇళ్లలో రూటర్‌కి గెస్ట్ అని ఇంకో పేరు పెడతారు. గెస్ట్‌లో ఉన్న మెషీన్‌కి ఇంటర్నెట్ వస్తుంది గానీ ఇంట్లోని మిగతా మెషీన్లు కనిపించవు. అది లోపం కాదు, వచ్చిపోయేవాళ్లు మన ఫైళ్లు చూడకుండా కావాలనే అలా చేస్తారు. కొన్ని రూటర్లలో ఏపీ ఐసోలేషన్ అనే పేరుతో అసలు వైఫైకి కూడా ఇదే అడ్డు పెట్టి ఉంటుంది.

రెండోది, రెండింటి ఐపీ అడ్రస్‌లు పక్కపక్కన రాసి చూడు. 192.168.1 తర్వాత అంకె ఒక్కటే మారితే ఒకే ఇంట్లో ఉన్నట్టు. ఒకటి 192.168.1, ఇంకోటి 192.168.5 అయితే గోడ అడ్డం ఉన్నట్టు.

మూడోది, విండోస్‌లో ఆ వైఫై పబ్లిక్ అని ఉందా, ప్రైవేట్ అని ఉందా? పబ్లిక్ అయితే ఫైర్‌వాల్ బయటి నుంచి ఎవరినీ లోపలికి రానివ్వదు. ఇంటి వైఫైకి ప్రైవేట్ పెట్టుకోవాలి. లోకల్‌సెండ్ 53317 పోర్టు, కేడీఈ కనెక్ట్ 1714 నుంచి 1764 దాకా పోర్టులు వాడతాయి. మొదటిసారి విండోస్ అనుమతి అడిగినప్పుడు తొందరలో క్యాన్సిల్ కొట్టి ఉంటే అవి మూసుకుపోయే ఉంటాయి.

ఓరుగల్లు_ఆటగాడు
మాస్టారూ! ల్యాప్‌టాప్ గెస్ట్‌లోనే ఉంది. కిందటేడు కనెక్షన్ కొత్తగా పెట్టినప్పుడు నాన్న నాకు ఆ పాస్‌వర్డే ఇచ్చారు, నేను అదే ఇంటి వైఫై అనుకున్నాను. అసలు పేరుకి మార్చి, ప్రైవేట్ పెట్టగానే లోకల్‌సెండ్‌లో మూడూ కనిపించాయి. స్టీమ్ కూడా ఇప్పుడు ల్యాప్‌టాప్ నుంచే తీసుకుంటోంది, తెర మీద అలాగే చూపిస్తోంది. రెండు రోజుల టెన్షన్ తీరిపోయింది.

కానీ వేగం సెకనుకి 3 ఎంబీ. లెక్క వేస్తే 68 జీబీకి ఆరు గంటల పైనే. ఇది మామూలేనా?

ఎస్డీకార్డ్_సైన్యం
చూశావా, నేను ముందే చెప్పా. ఇంత సేపట్లో పెన్‌డ్రైవ్‌తో మూడు సార్లు అయిపోయేది.

లైనక్స్_రాజు
@ఎస్డీకార్డ్, నీ మాట కొట్టిపారేయను. కానీ కొత్తగా వచ్చేవాళ్ల కోసం చెప్పాలి. షాపులో కొన్న పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటాయి, 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా అందులో పట్టదు. గేముల్లో 10, 20 జీబీ ఫైళ్లు మామూలు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోవాలి, అప్పుడు దాంట్లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. డెక్‌లో ఫార్మాట్ చేసిన మైక్రో ఎస్డీ కార్డు అయితే లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో ఉంటుంది. విండోస్ దాన్ని చదవలేక, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. పొరపాటున అవును అంటే కార్డులో ఉన్న గేములన్నీ పోతాయి. మా తమ్ముడు ఆ పని చేశాడు.

ఎస్డీకార్డ్_సైన్యం
అది నిజమే. నాది ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్, అందుకే నాకు ఎప్పుడూ ఆ తేడా రాలేదు. అయినా వెయ్యి జీబీలు మోయాలంటే నేను డ్రైవ్‌నే నమ్ముతాను.

ఫైబర్_మాస్టారు
3 ఎంబీ మామూలు కాదు బాబూ, అది 2.4 గిగాహెర్ట్జ్ లక్షణం. చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ ఆ బ్యాండ్ మీదే గుంపు కడతాయి. ల్యాప్‌టాప్‌నీ డెక్‌నీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చు. ఓలెడ్ డెక్‌లో వైఫై 6ఈ ఉంది, పాత ఎల్సీడీ మోడల్‌లో వైఫై 5. రెండూ 5 గిగాహెర్ట్జ్ పడతాయి.

ఇంకో సంగతి. రెండూ వైఫైలో ఉంటే ప్రతి ముక్కా రెండు సార్లు గాల్లో ప్రయాణం చేస్తుంది, ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కి ఒకసారి, రూటర్ నుంచి డెక్‌కి ఒకసారి. ఒకే ఇరుకు వంతెన మీద రానూ పోనూ బండ్లు నడిచినట్టు, వేగం సగానికి పడుతుంది. అందుకని ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో రూటర్‌కి కలిపితే వంతెన మొత్తం డెక్‌కే మిగులుతుంది.

పాతబస్తీ_ప్లేయర్
నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 100 ఎంబీ అనుకునేవాళ్లు మా బస్తీలో చాలామంది. ఎనిమిదితో భాగించాలి, సుమారు 12 ఎంబీ. అయినా ఇంట్లో మెషీన్ల మధ్య పంపేటప్పుడు ప్లాన్ వేగంతో సంబంధమే లేదు, రూటర్ ఎంత మోయగలదో అంతే.

హాస్టల్_304
అన్నలూ, మధ్యలో వస్తున్నాను. మా హాస్టల్ వైఫైలో ఒక ఫోన్‌కి ఇంకో ఫోనే కనిపించదు. వార్డెన్‌ని అడిగితే సెట్టింగ్ మార్చరు. నా డెక్‌కి నా ల్యాప్‌టాప్‌కి మధ్య ఏదైనా దారి ఉందా? నా దగ్గర రూటర్ లేదు.

సిరి_బెజవాడ
@హాస్టల్_304 తమ్ముడూ, ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్, డెక్ రెండూ దానికి కలుపు. ఫైళ్లు ఆ రెండింటి మధ్యే తిరుగుతాయి, మొబైల్ డేటా ఖర్చవదు. మొబైల్ డేటా ఆఫ్ చేసినా లోకల్‌సెండ్ నడుస్తుంది. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్ ఎంచుకో, చాలా ఫోన్లలో ఆ ఆప్షన్ ఉంటుంది. మా చెల్లి పీజీలో ఉన్నప్పుడు ఇలాగే చేసేది.

పాతబస్తీ_ప్లేయర్
కానీ మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే విండోస్ అప్‌డేట్, స్టీమ్ అప్‌డేట్ అన్నీ దాని మీద పడతాయి. పొద్దున లేచేసరికి డేటా ఖాళీ. ల్యాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్‌ని మీటర్డ్ కనెక్షన్‌గా పెట్టు తమ్మీ.

హాస్టల్_304
పనిచేసింది సిరక్కా! 9 జీబీ ఫోల్డర్ అన్నం తిని వచ్చేలోపు వెళ్లిపోయింది. మా గదిలో ముగ్గురికీ చూపించాను.

ఓరుగల్లు_ఆటగాడు
మాస్టారు చెప్పినట్టు ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రూటర్‌కి కలిపాను, డెక్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంది. ఇప్పుడు సెకనుకి సరిగ్గా 11 ఎంబీ. పక్క గదిలో పెట్టినా 11, రూటర్ పక్కనే పెట్టినా 11. ఏమాత్రం కదలడం లేదు.

ఫైబర్_మాస్టారు
కదలకుండా 11 దగ్గర నిలబడిందంటే అది గాలి వల్ల కాదు, తీగ వల్ల. మీ రూటర్ వెనక లాన్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి అయి ఉంటాయి. కనెక్షన్‌తో ఉచితంగా వచ్చే చవక రూటర్లలో ఇది చాలా సాధారణం. గిగాబిట్ పోర్ట్ ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. పాత కేబుల్‌లో ఎనిమిది తీగల్లో నాలుగే బాగుంటే కూడా సరిగ్గా ఇక్కడే ఆగుతుంది, ఒకసారి కేబుల్ మార్చి చూడు.

డాలస్_బావ
రూటర్ కొనే ముందు ఇది ప్రయత్నించండి. విండోస్ ల్యాప్‌టాప్‌లోనే మొబైల్ హాట్‌స్పాట్ ఉంది. ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో నెట్ వస్తూనే ఉంటుంది, వైఫై ద్వారా అదే డెక్‌కి హాట్‌స్పాట్ ఇస్తుంది. బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ పెట్టండి. ఇప్పుడు ఫైళ్లు రూటర్ జోలికి పోకుండా ల్యాప్‌టాప్ నుంచి నేరుగా డెక్‌కి ఒక్క దూకులో వస్తాయి. స్టీమ్‌కి కావాల్సిన ఇంటర్నెట్ కూడా అందులోనే ఉంటుంది. అప్పుడు ల్యాప్‌టాప్ అడ్రస్ 192.168.137.1 అవుతుంది, ఎస్ఎస్‌హెచ్ వాడేవాళ్లకి డెక్ అడ్రస్ కూడా ఆ వరుసలోనే ఉంటుంది.

నేను అపార్ట్‌మెంట్‌లో ఉంటాను, రూటర్ వేరే గదిలో. రెండేళ్లుగా ఇదే పద్ధతి.

ఫైబర్_మాస్టారు
మంచి ఆలోచన బావగారూ. నాకు ఇది తట్టలేదు.

ఓరుగల్లు_ఆటగాడు
45 ఎంబీ! అరగంట లోపే మొత్తం 68 జీబీ అయిపోయింది. మధ్యలో ఒకసారి మాత్రం ఆగింది. నేను నీళ్లు తాగి వచ్చేసరికి డెక్ నిద్రలోకి వెళ్లింది. లేపితే మిగతాది అక్కడి నుంచే సాగింది.

లైనక్స్_రాజు
సెట్టింగ్స్‌లో నిద్ర సమయాన్ని ఆపేసి, ఛార్జర్ పెట్టి వదిలెయ్. ఎస్ఎస్‌హెచ్‌తో పంపేటప్పుడు మాటిమాటికీ నత్తనడక అనిపిస్తే ఇంకోటి చూడండి. సిస్టమ్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే వైఫై పవర్ మేనేజ్‌మెంట్ అనే మీట కనిపిస్తుంది. బ్యాటరీ మిగల్చడానికి వైఫైని మధ్యమధ్యలో పడుకోబెడుతుంది అది. పెద్ద పని ఉన్నప్పుడు ఆపి, తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు.

ఇక నీ సేవ్ సంగతి. ఆ గేమ్‌ని డెక్‌లో నాన్ స్టీమ్‌గా జోడించావా?

ఓరుగల్లు_ఆటగాడు
జోడించాను, ఆడితే నడుస్తోంది. మొదటి నుంచి మొదలవుతోంది. సేవ్ ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లో డాక్యుమెంట్స్ లోపల ఉంది, 30 ఎంబీ కూడా లేదు. డెక్‌లో డాక్యుమెంట్స్‌లో పెట్టాను. గేమ్ చూడటం లేదు.

లైనక్స్_రాజు
అది డెక్ డాక్యుమెంట్స్. గేమ్ చూసేది దాని కోసం ప్రోటాన్ తయారు చేసిన ఉత్తుత్తి సీ డ్రైవ్‌లోని డాక్యుమెంట్స్. దారి ఇది: హోమ్‌లో డాట్ లోకల్, షేర్, స్టీమ్, స్టీమ్‌యాప్స్, కంపాట్‌డేటా. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు దాగి ఉంటాయి కాబట్టి, డెక్‌లో ఫైళ్లు చూపించే డాల్ఫిన్‌లో కంట్రోల్, హెచ్ నొక్కు. కంపాట్‌డేటాలో అన్నీ అంకెల పేర్లే. నాన్ స్టీమ్ గేమ్‌కి పొడవాటి అంకె ఉంటుంది. ఏదో తెలియకపోతే గేమ్‌ని ఒకసారి తెరిచి మూసి, తేదీ ప్రకారం పేర్చు, పైకి వచ్చిందే నీది. దాని లోపల పీఎఫ్ఎక్స్, డ్రైవ్ సీ, యూజర్స్, స్టీమ్‌యూజర్, డాక్యుమెంట్స్.

పెట్టే ముందు అక్కడున్న ఫోల్డర్ పేరు మార్చి ఉంచు. చెరపకు.

డాలస్_బావ
ఆ చివరి మాట నేను గట్టిగా చెప్పాలి. సేవ్‌లు రెండు వైపులా వాటంతట అవే సమానంగా ఉండాలని సింక్‌థింగ్ పెట్టుకున్నాను. చాలా మంచి సాధనం, ఏ కంపెనీ సర్వర్‌లోనూ మన ఫైళ్లు దాచదు, మెషీన్లు నేరుగా మాట్లాడుకుంటాయి. కానీ పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయి డెక్‌లో కొత్త ఆట మొదలుపెట్టాడు. అప్పటికి ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉంది. తర్వాత రెండూ కలిసినప్పుడు కొత్తగా మారిన ఫైలే నెగ్గింది, మా అమ్మాయి ఆడుకున్న పాత సేవ్ పక్కకి పోయింది. పిల్ల ఎంత ఏడ్చిందో. అదృష్టం కొద్దీ, సింక్ కాన్‌ఫ్లిక్ట్ అనే పేరుతో పాత కాపీ ఫోల్డర్‌లోనే మిగిలి ఉంది, దాని పేరు మార్చి వెనక్కి తెచ్చాను.

ఆ రోజు నుంచి, పాత కాపీలు దాచి ఉంచే ఫైల్ వెర్షనింగ్ ఆన్ చేసి ఉంచాను. ఒక మెషీన్‌లో ఆట ముగించి, సింక్ అయిందని చూశాకే ఇంకోదాంట్లో తెరవాలి, ఇంట్లో పిల్లలకి కూడా అదే నేర్పాను. ఫోన్‌లో కూడా పెట్టుకోవాలనుకునేవాళ్లు గమనించండి, సింక్‌థింగ్ అసలు ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబర్‌లో ఆగిపోయింది. ఇప్పుడు చాలామంది వాడేది సింక్‌థింగ్ ఫోర్క్.

సిరి_బెజవాడ
పాప సేవ్ దొరికింది కదా, చదువుతుంటే నాకే గుండె ఆగినంత పనైంది.

పాతబస్తీ_ప్లేయర్
విండోస్ చేతి గేమింగ్ మెషీన్లు వాడేవాళ్లకి ఈ కంపాట్‌డేటా గొడవ ఉండదు. ఫోల్డర్‌ని షేర్ చేసుకుంటే చాలు. డెక్ వాళ్లు కూడా విండోస్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌ని డాల్ఫిన్‌లో నెట్‌వర్క్ కింద తెరవొచ్చు. అయితే డెక్‌నే షేర్ సర్వర్‌గా మార్చాలంటే సాంబా అనే సాఫ్ట్‌వేర్ వెయ్యాలి. డెక్‌ని నడిపే స్టీమ్‌ఓఎస్ సిస్టమ్ భాగం చదవడానికే తెరిచి ఉంటుంది, తాళం తీసి వేసినవి పెద్ద అప్‌డేట్ రాగానే పోతాయి. డిస్కవర్ నుంచి వేసిన ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు మాత్రం ఉంటాయి.

ఓరుగల్లు_ఆటగాడు
సేవ్ వచ్చేసింది! రాజు గారు చెప్పిన ఫోల్డర్‌లోనే పెట్టాను. గేమ్ తెరిస్తే నా పాత్ర కోట గుమ్మం ముందు, ఎక్కడ ఆపానో అక్కడే నిలబడి ఉంది. పాత ఫోల్డర్ పేరు మార్చి ఉంచాను. 43 గంటలూ భద్రం. మా అన్నయ్యకి వెంటనే వీడియో కాల్ చేసి చూపించాను.

లైనక్స్_రాజు
చాలా సంతోషం. పని అయింది కాబట్టి ఎస్ఎస్‌హెచ్ ఆపెయ్, అదే కమాండ్‌లో స్టార్ట్ బదులు స్టాప్. బయట కాఫీ షాపు వైఫైలో అది తెరిచి ఉండటం మంచిది కాదు.

ఓరుగల్లు_ఆటగాడు
ఆపేశాను. ఇంకొక్కటి. ఒక గేమ్‌ని మార్చుకోవడానికి వేసిన మాడ్లు వేల కొద్దీ చిన్న ఫైళ్లు, మొత్తం 2 జీబీనే గానీ గంట పట్టేలా ఉంది. 68 జీబీ అరగంటలో పోయింది కదా?

ఫైబర్_మాస్టారు
ఒక్కో చిన్న ఫైల్‌కీ ఒక్కోసారి పలకరించుకోవాలి కాబట్టి ఆలస్యం. ల్యాప్‌టాప్‌లో మొత్తం జిప్ చేసి ఒక్క ఫైల్‌గా పంపు, డెక్‌లో విప్పుకో.

ఓరుగల్లు_ఆటగాడు
నిమిషంలో వచ్చేసింది మాస్టారూ.